అడిగితే చెప్పలేని రోజు కోసం



పొద్దున్నే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని రేడియో పెట్టుకున్నవాళ్ళకి చావు గురించి ప్రసంగమేమిటి అనిపించడం సహజం. ఈ విషయం మాట్లాడబోతున్నానని చెబితే మా ఇంట్లోనే “శుభం పలకరా మంకెన్నా” అన్నారు. అయితే రేడియోలో ఒక సౌకర్యం ఉంది. నచ్చకపోతే మీరు కట్టేయొచ్చు. కట్టేశారని నాకు తెలియదు కాబట్టి నేనూ నొచ్చుకోను.

నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. డిపాజిట్ వెయ్యడానికి వచ్చేవాళ్ళని బ్యాంకులో అందరూ చూస్తారు. వేసిన మనిషి పోయాక వచ్చేవాళ్ళని మాత్రం క్లెయిముల బల్ల దగ్గర కూర్చున్నవాడే చూస్తాడు. పెద్దకర్మ అయిపోయిన నాలుగు రోజులకి తల్లీ కొడుకూ ఒక గుడ్డసంచీ పట్టుకుని వస్తారు. సంచీ బోర్లిస్తే అందులో పాసుపుస్తకాలు, మడతల దగ్గర చిరిగిన ఎల్లైసీ బాండ్లు, పాత కరెంటు బిల్లులు, ఎప్పుడో కొన్న కిసాన్ వికాస పత్రం, రబ్బరు బ్యాండు చుట్టిన రసీదులు అన్నీ ఒక్కచోటే. “ఆయనే చూసుకునేవారండీ, నాకేం తెలీదు” అంటుందావిడ. డెత్ సర్టిఫికెట్ తెచ్చారా అంటే తెచ్చామంటారు. నామినీ ఎవరు? తెలీదు. ఇంకే బ్యాంకులోనైనా ఖాతా ఉందా? తెలీదు. ఎవరికైనా బాకీ ఉన్నారా అని అడిగినప్పుడు కొడుకు తల్లి మొహంలోకి చూస్తాడు. ఆవిడ సంచీలోకి చూస్తుంది.

ఎవరూ వచ్చి అడగని డబ్బు సంగతి వేరు. పదేళ్ళపాటు ఎవరూ కదిలించని డిపాజిట్లని బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే ఒక నిధికి పంపించెయ్యాలి. 2024 మార్చి ఆఖరుకి ఆ నిధిలో 78 వేల కోట్ల రూపాయలకి పైగా పోగుపడి ఉంది. అందులో కొంత విదేశాలు వెళ్ళినవాళ్ళది, మరిచిపోయినవాళ్ళది కావచ్చు. చాలా భాగం మాత్రం “నాన్నకి అక్కడ కూడా ఖాతా ఉందని మాకు తెలీదే” అనే ఇళ్ళదే అయి ఉంటుందని నా అనుభవం చెబుతోంది. ఇప్పుడు ఉద్గమ్ అని రిజర్వు బ్యాంకువారి పోర్టల్ ఉంది, 2023లో మొదలుపెట్టారు. పోయినవారి పేరు పెట్టి ఏ బ్యాంకులో ఏముందో వెతుక్కోవచ్చు. వెతకాలంటే ముందు అనుమానమైనా ఉండాలి కదా.

చావు మాట ఎత్తితే అరిష్టం అని మనవాళ్ళు ఎప్పటినుంచి అనుకోవడం మొదలుపెట్టారో గాని, మన పురాణాలకి ఆ బెదురు లేదు. ఏడు రోజుల్లో తక్షకుడు కాటేస్తాడని తెలిసినప్పుడు పరీక్షిత్తు ముందు చేసిన పని ఏమిటి? రాజ్యభారం జనమేజయుడికి అప్పగించాడు. ఆ తరువాతే గంగ ఒడ్డున కూర్చున్నాడు. కూర్చుని, చావు దగ్గరపడ్డ మనిషి చెయ్యవలసిందేమిటని నేరుగా అడిగాడు. తెలుగిళ్ళలో పట్టుబట్టలో చుట్టి దేవుడి గూట్లో పెట్టుకునే భాగవతమంతా ఆ ప్రశ్నకి జవాబుగా నడిచిందే. భీష్ముడైతే అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం వేచి ఉండి, ఆ వ్యవధిలో ధర్మరాజుకి రాజధర్మాలన్నీ చెప్పి మరీ వెళ్ళాడు. ఆ రోజుల్లో కాశీకి బయల్దేరే ముసలివాళ్ళు తిరిగొస్తామో లేదో తెలియదు కాబట్టి బాకీలు తీర్చి, పొలాల సంగతి తేల్చి, తాళపుచేతులు కోడలికిచ్చి బండెక్కేవారు. ఇంట్లో ఎవరూ నోరు నొక్కుకోలేదు.

ఇప్పుడు మనం కాశీకి విమానంలో వెళ్ళి మూడోనాటికి తిరిగొచ్చేస్తున్నాం. ఆఖరి ప్రయాణం మాత్రం చాలామందికి ఐసీయూలోంచి జరుగుతోంది. అక్కడ మాట్లాడే అవకాశం ఉండదు.

అసలు గడ్డు ప్రశ్న అక్కడే వస్తుంది. డబ్బు విషయంలో ఎంత గందరగోళం ఉన్నా ఎమ్మార్వో ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టో, కోర్టులో వారసత్వ ధ్రువపత్రమో తెచ్చుకుంటే ఆలస్యంగానైనా తెములుతుంది. రాత్రి రెండు గంటలకి డ్యూటీ డాక్టరు బయటికొచ్చి “వెంటిలేటర్ పెట్టాలి, సంతకం చెయ్యండి” అన్నప్పుడు ఏ ఆఫీసుకి వెళ్ళాలి? అడ్మిషన్ కాగితం మీద ఏ కొడుకు సంతకం చేశాడో నిర్ణయం వాడి నెత్తిన పడుతుంది. చెయ్యమంటే, ఎనభై ఏళ్ళ తండ్రిని గొట్టాలతో హింసపెట్టాడంటారు. వద్దంటే, ఖర్చుకి జంకి వదిలేశాడంటారు. డాలస్‌లో ఉన్న అన్నయ్య వీడియో కాల్లో “డబ్బు గురించి ఆలోచించకు, ఏం కావాలన్నా చేయించు” అంటాడు. ప్రేమతోనే అంటాడు, కాని రోజూ ఆ మంచం పక్కన నిలబడేది అతను కాదు. ఆ ముసలాయన ఏమనుకునేవాడో అడుగుదామంటే, ఆయన నోట్లో గొట్టముంది.

ఇలా కొన్నాళ్ళు లాగాక మనవాళ్ళు ఒక దారి కనిపెట్టుకున్నారు. ఆసుపత్రిలో దాన్ని లామా అంటారు. డాక్టరు సలహాకి విరుద్ధంగా, మా బాధ్యత మీద తీసుకుపోతున్నామని సంతకం పెట్టి, ఊపిరి ఉండగానే అంబులెన్సులో ఇంటికి తెచ్చేస్తారు. వార్డుబాయ్ దారి పొడుగునా చేత్తో గాలిబుడగ నొక్కుతూ వస్తాడు. ఇంటికి చేరాక తులసితీర్థం పోసి, ఆ గాలిబుడగ తీసేస్తారు. అందరికీ తెలిసిన పద్ధతే ఇది, ఎవరూ పైకి మాట్లాడరు. నేను తప్పు పట్టడం లేదు. అలా తెచ్చుకున్నవాళ్ళకి ఇంట్లో నొప్పి తగ్గించే మందు ఇచ్చేవారుండరు, ఆయాసానికి చూసేవారుండరు, ఏం చెయ్యాలో చెప్పేవారుండరు. నా బాధల్లా అదే.

చట్టం ఈ విషయంలో చాలాకాలం చేతులు ముడుచుకునే ఉంది. 2004లో మన హైదరాబాదులోనే, కండరాలు క్షీణించిపోయే జబ్బుతో ఉన్న పాతికేళ్ళ చదరంగం క్రీడాకారుడు ఒకతను, తన అవయవాలు పనికొచ్చే స్థితిలో ఉండగానే తనను పోనివ్వమని, అవి నలుగురికి ఇవ్వమని కోరాడు. తల్లి కొడుకు కోరిక పట్టుకుని హైకోర్టు మెట్లెక్కింది. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. కొద్దిరోజుల్లోనే అతను పోయాడు. ముంబైలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు 1973లో జరిగిన దాడి తరువాత నలభై ఏళ్ళకి పైగా స్పృహ లేనట్టే మంచం మీద ఉండిపోయింది. ఆమె కేసులో 2011లో సుప్రీంకోర్టు ఆమె విషయంలో కాదంటూనే, కొన్ని షరతుల మీద ప్రాణాధార చికిత్స ఆపవచ్చని మొదటిసారి తలుపు కాస్త తెరిచింది. ఆమె 2015లో పోయింది.

ఆ తలుపు పూర్తిగా తెరుచుకున్నది 2018 మార్చి 9న. ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమేనని చెప్పింది. దాంతోపాటు ‘లివింగ్ విల్’కి చట్టబద్ధత ఇచ్చింది. మామూలు వీలునామా మనిషి పోయాక పనిచేస్తుంది. ఇది మనిషి బతికుండి, మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు పనిచేస్తుంది. అయితే ఆ తీర్పులో పెట్టిన పద్ధతి ఎంత చిక్కుగా ఉందంటే, మేజిస్ట్రేటు ఎదుట సంతకాలు, మేజిస్ట్రేటు ఆసుపత్రికి వచ్చి చూడడం లాంటివన్నీ ఉండేసరికి ఎవరూ దాని జోలికి పోలేదు. చివరికి 2023 జనవరిలో కోర్టే దాన్ని సులువు చేసింది.

ఇప్పుడెలా ఉందంటే, మతి స్థిమితంగా ఉన్న మేజరు ఎవరైనా రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి. నోటరీ గాని, గెజిటెడ్ ఆఫీసరు గాని ధ్రువీకరిస్తే చాలు. మీరు మాట్లాడలేనప్పుడు మీ తరఫున మాట్లాడవలసిందెవరో అందులో పేర్లు రాయాలి, ఒకరికంటే ఎక్కువమందిని రాయొచ్చు. ఒక నకలు మీ ఇంటి డాక్టరుకి ఇవ్వాలి. ఇంకొకటి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇందుకోసం నియమించిన అధికారికి ఇవ్వాలి. అలాంటి అధికారిని నియమించడంలో మన పురపాలక సంఘాలు ఏ వేగంతో ఉంటాయో మీరూ ఊహించగలరు. అందుకని అసలు కాగితం ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచడం, ఆ పేర్లున్నవాళ్ళకి నకళ్ళివ్వడం క్షేమం.

కాగితం ఉన్నంతమాత్రాన ఎవరో వచ్చి ప్లగ్ పీకెయ్యరు. ఆ భయం పెట్టుకోకండి. చూస్తున్న డాక్టరు, ఆ విభాగంలో కనీసం ఐదేళ్ళ అనుభవమున్న మరో ఇద్దరు కలిసి, ఇక కోలుకునే ఆశ లేదని రాయాలి. ఆ తరువాత వేరే డాక్టర్లతో, జిల్లా వైద్యాధికారి పంపిన ఒకరితో కలిపి రెండో బోర్డు చూడాలి. ఒక్కొక్క బోర్డు వీలైతే నలభై ఎనిమిది గంటల్లో చెప్పాలి. కాగితంలో మీరు పేర్లు రాసినవాళ్ళ ఒప్పుదల కావాలి. మేజిస్ట్రేటుకి కబురు చెయ్యాలి. ఇంజెక్షను ఇచ్చి ప్రాణం తియ్యడం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. వ్యాధికి చికిత్స ఆపుతారు, బాధకి చికిత్స ఆపరు. ఈ తేడా ఇంట్లోవాళ్ళకి విప్పి చెప్పాలి. “అయితే నన్ను చూసుకోవడం మానేస్తారా” అని పెద్దవాళ్ళు భయపడేది ఇక్కడే.

ఏం రాయాలి అని అడుగుతారు. లాయరు భాష అక్కర్లేదు. “నేను కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చాక, నాకు నేనుగా ఊపిరి తీసుకోలేని స్థితిలో ఉంటే వెంటిలేటర్ మీద కొనసాగించవద్దు. గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్ళీ కొట్టించవద్దు. డయాలసిస్ వద్దు. నొప్పి, ఆయాసం లేకుండా చూడండి. వీలైతే ఇంట్లో ఉంచండి.” ఇంత చాలు. అందరూ ఇదే రాయాలని లేదు. “ఎంతకాలమైనా సరే, ప్రయత్నం చెయ్యండి” అని రాసుకునే హక్కూ మీకుంది. నా మట్టుకు, ఏది రాసినా మంచిదే. రాయకపోవడం ఒక్కటే ఆ కొడుకుకి చేసే అన్యాయం.

బాధకి చికిత్స అన్నాను కదా. కేన్సరు ముదిరినవాళ్ళ నొప్పికి మార్ఫిన్ మాత్ర ఎంతో పనిచేస్తుంది. ఖరీదూ ఎక్కువ కాదు. అయితే మత్తుమందుల చట్టం భయానికి చాలా ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి కొంత సడలించారు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్, అంటే ఈ బాధకి చికిత్స, ఇంటింటికీ నర్సు వెళ్ళేదాకా పాకింది. మన దగ్గర అంత విస్తరించలేదు. హైదరాబాదు ఎంఎన్‌జే కేన్సరు ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, స్పర్శ్ హాస్పిస్ ఉంది, తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో కొన్నిటిలో కేంద్రాలు పెట్టారు. మంచాన పడ్డవాళ్ళు ఇంట్లో ఉంటే, మీ జిల్లా ఆసుపత్రిలో ఇది ఉందేమో ఈ వారమే వాకబు చెయ్యండి. ఆఖరి వారంలో వాకబు చేస్తే దొరకదు.

ఇప్పుడు మళ్ళీ నా క్లెయిముల బల్ల దగ్గరికి వస్తాను. అక్కడ నేను చూసిన గొడవల్లో సగం, నామినీ అంటే వారసుడు అనుకోవడం వల్ల వచ్చినవి. నామినీ డబ్బు అందుకునేవాడు, అంతే. బ్యాంకు అతనికి ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. ఆ తరువాత అది చట్టప్రకారం ఎవరెవరికి చెందాలో వాళ్ళకి అతను పంచాలి. సుప్రీంకోర్టు ఈ సంగతి 1983లో ఒక ఎల్లైసీ కేసులో చెప్పింది. 2023 డిసెంబరులో షేర్ల విషయంలోనూ మళ్ళీ చెప్పింది. జీవితబీమాలో భార్యాపిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే 2015 సవరణ తరువాత లెక్క కొంచెం వేరు. అలాగని నామినీ పేరు రాయనక్కర్లేదని కాదు. ఆ పేరు ఉన్న క్లెయిము కాగితాలన్నీ ఇచ్చిన పదిహేను రోజుల్లో తేలాలి. లేనిది నెలలు పడుతుంది. మీ పాసుపుస్తకం తెరిచి చూడండి, నామినేషన్ నమోదైందని అచ్చయి ఉండాలి. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. పెళ్ళికాకముందు అమ్మ పేరు రాసి, పెళ్ళయి మనవలు పుట్టినా అదే పేరు ఉంచేసినవాళ్ళు ఎంతమందో. అందులో సగంమంది అమ్మలు ఇప్పుడు లేరు.

వీలునామా గురించి కూడా అపోహలే ఎక్కువ. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీరు సంతకం చెయ్యాలి, ఇద్దరు సాక్షులు మీరు చెయ్యడం చూసి సంతకాలు పెట్టాలి. ఆస్తి ఎవరికి వస్తోందో వాళ్ళు సాక్షులుగా ఉండకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాని మన ఊళ్ళ తగాదాల సంగతి తెలిసినవాళ్ళెవరైనా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి చేయించమనే చెబుతారు. వయసు మీదపడినవాళ్ళైతే మతి స్థిమితంగా ఉందని డాక్టరు చీటీ ఒకటి జతచెయ్యడం తెలివైన పని. ముస్లింలు వారసుల ఒప్పుదల లేకుండా మూడోవంతుకి మించి వీలునామా రాయలేరు. క్రైస్తవులు పెళ్ళికి ముందు రాసిన వీలునామా పెళ్ళితో రద్దయిపోతుంది, మళ్ళీ రాసుకోవాలి. హిందూ పురుషుడు ఏమీ రాయకుండా పోతే స్వార్జితం భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి, తల్లికి సమానంగా వెళ్తుంది. తల్లి ఉంది, గమనించండి. తండ్రి ఆ వరుసలో లేడు.

ఆడవాళ్ళ విషయంలో కాస్త ఆగాలి. మీలో ఉద్యోగం చేసిన స్త్రీలు, ముఖ్యంగా పిల్లలు లేనివారు, ఈ భాగం శ్రద్ధగా వినండి. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. దాని 15వ సెక్షను ప్రకారం హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంత సంపాదన మొదట కొడుకులకి, కూతుళ్ళకి, భర్తకి వెళ్తుంది. వాళ్ళెవరూ లేకపోతే భర్త వారసులకి వెళ్తుంది. ఆ తరువాత వరుసలో ఆమె తల్లిదండ్రులు. మళ్ళీ చెబుతున్నాను. ఆమెని కని, పెంచి, చదివించిన తల్లికంటే ముందు, భర్త తరఫువాళ్ళు.

ఇదేదో పుస్తకాల్లో మాట అనుకోకండి. ఉత్తరాది కేసు ఒకటి 2009లో సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 1955లో పెళ్ళయిన అమ్మాయి, మూడు నెలలు తిరక్కుండానే భర్త పాము కరిచి పోయాడు. అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు తెచ్చుకుని చదివించారు. ఉద్యోగం చేసింది. నలభై ఏళ్ళ పాటు అత్తింటివాళ్ళు ఆమె మొహం చూడలేదు. 1996లో ఆమె పోయింది. బ్యాంకుల్లో డబ్బు, పీఎఫ్ సొమ్ము చాలానే ఉన్నాయి. ముసలి తల్లి బతికే ఉంది. అప్పుడు ఊడిపడ్డారు భర్త అక్కచెల్లెళ్ళ కొడుకులు, మేమే వారసులమని. సుప్రీంకోర్టు సానుభూతి చూపించింది, కాని సానుభూతితో చట్టం మారదంది. సొమ్ము వాళ్ళకే పోయింది. ఆ నలభై ఏళ్ళలో ఏదో ఒక ఆదివారం ఆమె తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఇద్దరితో సంతకాలు పెట్టించి ఉంటే ఆ కేసే లేదు. ఇటీవలే, 2025లో, సుప్రీంకోర్టే స్త్రీలందర్నీ, ముఖ్యంగా హిందూ స్త్రీలని, వీలునామాలు రాసుకోండని కోరింది. చట్టాన్ని మార్చవలసినవాళ్ళు మార్చేదాకా, మీరు మీ పని చేసుకోండి అన్నట్టే నాకు వినిపించింది.

మన తెలుగునాట దీనికి ఇంకో మెలిక ఉంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే, పిల్లలు లేని స్త్రీ పోయాక అది పుట్టింటికే తిరిగి వెళ్తుంది. బాగానే ఉంది. మరి పసుపు కుంకుమ కింద పెళ్ళిలో రాసిచ్చిన ఎకరం సంగతో? అది దానంగా వచ్చింది, వారసత్వంగా కాదు. కాబట్టి సాధారణంగా అది కూడా భర్త వారసుల దారే పడుతుంది. కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో హక్కిచ్చిన చట్టం దేశమంతటికీ 2005లో వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలోనే 1985 నుంచి అమలైందని మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. ఆ కూతురు పోయాక ఆ వాటా ఎటు పోతుందో కూడా తెలుసుకుంటే ఇంకా బాగుంటుంది.

బతికుండగానే తేల్చేసినవాళ్ళూ ఉన్నారు. వీరేశలింగం గారు తన ఆస్తంతా రాజమహేంద్రవరంలో హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. 1919లో ఆయన పోయేనాటికి పంచుకోవడానికి ఏమీ మిగల్చలేదు. అందరికీ ఆ గుండె ఉండదు. బతికుండగానే పిల్లలకి రాసిచ్చేసి వృద్ధాశ్రమం చేరిన వాళ్ళ కథలు కూడా మీకు తెలుసు కాబట్టి, నేనైతే వీలునామాకే ఓటేస్తాను. చేతిలో ఆస్తి ఉంటుంది, మనసు మారితే మార్చి రాసుకోవచ్చు.

అంత్యక్రియల కోరికలు వీలునామాలో మాత్రమే రాసి పెట్టెలో దాచకండి. వీలునామా తీసి చదివేది పెద్దకర్మ అయ్యాక. అప్పటికి జరగవలసినవన్నీ జరిగిపోయి ఉంటాయి. నెహ్రూ 1954 జూన్‌లోనే, అంటే పోవడానికి పదేళ్ళ ముందే, వీలునామాలో తనకి మతకర్మలేవీ వద్దని స్పష్టంగా రాశారు. చితాభస్మం కొంత గంగలో, మిగతాది విమానంలోంచి రైతులు దున్నే నేల మీద చల్లమన్నారు. 1964 మేలో ఆయన అంత్యక్రియలు మంత్రాలతో, కర్మలతోనే జరిగాయి. భస్మం కోరిక మాత్రం తీర్చారు. దేశ ప్రధాని మాటకే ఆ గతి పట్టినప్పుడు మన మాట నిలవాలంటే నోటితో, నలుగురి ఎదుట చెప్పి ఉంచాలి. కూతురు తలకొరివి పెట్టాలని ఉంటే, మేనమామలూ బాబాయిలూ అందరూ ఉన్న పండగ రోజున చెప్పండి. ఆ రోజు కాస్త మొహాలు మాడతాయి. మాడనివ్వండి. శ్మశానంలో గొడవ కంటే నయం.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇంకో చేదు విషయం. మన పట్టణాల్లో అద్దెకున్నవాళ్ళు పోతే శవాన్ని గుమ్మం లోపలికి రానివ్వని ఇంటి యజమానులు ఉన్నారు. ధనిష్ఠా పంచకమని, ఇల్లు మూతపెట్టాలని, మళ్ళీ అద్దెకి ఎవరూ రారని వాళ్ళ భయాలు వాళ్ళవి. వాన కురుస్తుంటే రోడ్డు పక్క టార్పాలిన్ కింద రాత్రంతా ఉన్న కుటుంబాల వార్తలు పేపర్లో చూశాం. “ఆఖర్న ఇంటికి తీసుకుపొండి” అని రాసుకునేముందు ఆ ఇల్లు ఏదో, సొంతూళ్ళో పెద్దన్నయ్య ఇల్లా, కొడుకు ఫ్లాటా అనేది కూడా మాట్లాడుకోవలసి వస్తోంది. సిగ్గుపడవలసింది మాట్లాడేవాళ్ళు కాదు.

అవయవదానం గురించి ఈ రేడియోలోనే చాలాసార్లు విని ఉంటారు కాబట్టి ఎక్కువ చెప్పను. అవయవాలు ఇస్తామని జీవన్‌దాన్‌లో పేరు రాసుకోవడం ఎంత ముఖ్యమో, ఇంట్లో చెప్పడం అంతకంటే ముఖ్యం. ఆ సమయంలో ఒప్పుకోవలసింది ఇంట్లోవాళ్ళే. కళ్ళయితే పోయిన ఆరు గంటల్లోపు ఇవ్వాలి. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటి మీద తడి దూది వేసి, తల కింద దిండు పెట్టి ఐ బ్యాంకుకి ఫోను చెయ్యాలి. వయసు అడ్డు కాదు, కళ్ళజోడు అడ్డు కాదు. దేహం మొత్తం వైద్య కళాశాలకి ఇచ్చేవాళ్ళున్నారు. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చింది. ఇంట్లో ముందే అనుకోకపోతే ఏడుపుల మధ్య ఇది జరిగే పని కాదు.

ఫోను సంగతొకటి మిగిలింది. ఈ రోజుల్లో కరెంటు బిల్లు, గ్యాసు, పింఛను, షేర్లు అన్నీ ఆ ఫోనులోనే. దాన్ని తెరిచే నంబరు పోయిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ బ్యాంకు, ఏ శాఖ, ఏ పాలసీ, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర్నుంచి ఎంత రావాలి, పొలం పాసుపుస్తకం ఎక్కడుంది అన్నవి రాయండి. పాస్‌వర్డులు అందులో రాయకండి. అవి ఎక్కడ దొరుకుతాయో ఒక్క మనిషికి చెప్పండి.

ఇవన్నీ ఎక్కడ పెట్టాలంటే చాలామంది లాకరు అంటారు. పొరపాటు. మనిషి పోయాక లాకరు తెరవాలంటే నామినీ కావాలి, లేదా వారసులంతా రావాలి, బ్యాంకు సాక్షుల ఎదుట జాబితా రాయాలి. ఆ లాకరు ఎవరికి చెందాలో రాసిన వీలునామా ఆ లాకరు లోపలే ఉంటే, మా బ్యాంకువాళ్ళకీ మీవాళ్ళకీ కూడా తలనొప్పే. లివింగ్ విల్ అయితే అసలు లాకర్లో పెట్టనే కూడదు. అది కావలసింది అర్ధరాత్రి, బ్యాంకు తీసేది పది గంటలకి.

ఇంకా వయసు రాలేదు కదా అంటారా? వీలునామాకి పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు. రాశాక మనసు మారితే ఎన్నిసార్లైనా తిరగరాయొచ్చు. చివరగా రాసినదే చెల్లుతుంది. కొత్తది రాసినప్పుడు పాతదాన్ని చింపెయ్యండి. కొత్తదాని మీద తేదీ వెయ్యండి. తేదీల్లేని రెండు వీలునామాలు చెరొకటి పట్టుకుని వచ్చిన అన్నదమ్ములు ఎంత చదువుకున్నవాళ్ళైనా బ్యాంకు వరండాలో ఎలా మాట్లాడుకుంటారో నేను విన్నాను. ఆ మాటలు రేడియోలో చెప్పేవి కావు.